కొత్త ర్యామ్ వేశాక కంప్యూటర్ మొండికేసింది... తప్పు ఎవరిది?

పేరు వేయవద్దని కోరుతూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరమే రాశారు. ఆవిడ ఇంట్లో కూర్చుని రెండు మూడు చిన్న సంస్థలకు అకౌంట్స్ రాసిపెడతారు. ఐదేళ్ల నాటి డెస్క్‌టాప్, అందులో 8 జీబీ ర్యామ్ (పని జరిగేటప్పుడు సమాచారం తాత్కాలికంగా ఉండే మెమరీ). ఎక్సెల్ ఫైళ్లు పెరిగేకొద్దీ కంప్యూటర్ నత్తనడక నడుస్తోందని ఆవిడ విసుక్కుంటుంటే, డిగ్రీ చదువుతున్న కొడుకు స్నేహితుడి దగ్గర వాడి పక్కన పెట్టిన మరో 8 జీబీ ర్యామ్ తెచ్చి పాతదాని పక్కన బిగించాడు. పది రోజులు హాయిగా నడిచింది.

ఆ తర్వాత మొదలైంది గొడవ. పని మధ్యలో ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్. ఒకరోజు మెమరీ మేనేజ్‌మెంట్ అని, ఇంకోరోజు పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అని, మరోసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్ అని. రెండుసార్లు ఆ బ్లూ స్క్రీన్ కూడా లేకుండా టప్పున ఆగిపోయింది. ఒకసారి ఆన్ చేస్తే మానిటర్ మీద ఏమీ రాలేదు, మూడు బీప్‌లు మాత్రం వినిపించాయి. పొద్దున పూట బాగానే ఉంటుంది, మధ్యాహ్నం గది వేడెక్కాక ఎక్కువవుతుంది. మెకానిక్ వచ్చి ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కించాడు. నాలుగు రోజులు నిమ్మళంగా ఉండి ఐదో రోజు మళ్లీ అదే కథ. రెండోసారి పిలిస్తే, మదర్‌బోర్డు పోయింది, మార్చాల్సిందే అన్నాడు. ఆవిడ భర్త ఈ పాతదాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు, కొత్తది కొనేద్దాం అంటున్నారు. కొడుకేమో విండోస్‌లోనే మెమరీ టెస్ట్ పెట్టాను, పాసైంది, నా ర్యామ్‌లో ఏ లోపమూ లేదు అంటున్నాడు. క్లయింటుకు పంపాల్సిన జిప్ ఫైలు తెరుచుకోకపోయేసరికి ఆవిడ టెన్షన్‌లో చుట్టాలు ఉండగానే కొడుకు మీద కేకలేశారు. అప్పటినుంచి వాడు అడిగినదానికి ముక్తసరిగా జవాబిచ్చి గదిలోకి వెళ్లిపోతున్నాడు. బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు నడిచే కంప్యూటర్ ప్రాథమిక సెట్టింగుల్లో కూడా ఏదో మార్చాడని తర్వాత తెలిసిందట.

ఆవిడ అడిగినవి ఇవి: ఎవరి మాట నిజం? నా ఫైళ్లు పోయినట్టేనా? క్యాబినెట్ నేనే విప్పితే షాక్ కొడుతుందా? రెండు నెలల కిందటి బ్యాకప్ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉంది, ఈ రాత్రే అన్నీ మళ్లీ దాంట్లోకి కాపీ చేసేయనా?

సమాధానం:

మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మిగతావి రెండు రోజులు ఆగినా నష్టం లేదు. వద్దు. ఈ రాత్రి ఏదీ కాపీ చేయకండి. కంప్యూటర్ ఆపేసి పడుకోండి.

కాపీ చేయడమంటే హార్డ్ డిస్క్‌లోని ఫైలు నేరుగా ఇంకో డిస్క్‌లోకి వెళ్లిపోవడం అనుకుంటాం. మధ్యలో అది ర్యామ్‌లోకి వచ్చి వెళుతుంది. ర్యామ్‌లో ఒక్క గడి చెడినా, ఆ గడిలో కాసేపు ఆగిన ముక్క మారిపోయి అవతలికి చేరవచ్చు. ఏ హెచ్చరికా రాదు, కాపీ పూర్తయింది అనే చెబుతుంది. మీ దగ్గర ఇప్పుడున్న రెండు నెలల నాటి బ్యాకప్ కొత్త ర్యామ్ రాకముందుది. అంటే నమ్మదగ్గ ప్రతి మీ దగ్గర అదొక్కటే. దాని మీద ఇప్పటి ఫైళ్లు రాసేస్తే, ఏది మంచిదో ఏది చెడిందో పోల్చి చూసుకోవడానికి ఇంకేమీ మిగలదు. ఆ డిస్క్‌ను ఊడదీసి బీరువాలో పెట్టండి.

పని ఆగకూడదంటే మీ భర్త లాప్‌టాప్ లాంటిది ఇంకేదైనా ఈ వారానికి వాడుకోండి. మీ కంప్యూటర్‌లోని హార్డ్ డిస్క్‌ను తీసి, యూఎస్‌బీ ఎన్‌క్లోజర్‌లో పెట్టి, ఆ రెండో కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్లు చదువుకోవచ్చు. అది వీలుకాకపోతే పాత ర్యామ్ ఒక్కటే ఉంచి, అది పరీక్షలో నెగ్గాక, కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోండి. పాత బ్యాకప్ మీదికి మాత్రం వద్దు. ఇంకో మాట. ఎవరైనా వచ్చి డిస్క్ రిపేరుకని చెక్‌డిస్క్ నడుపుతానంటే, ర్యామ్ సంగతి తేలేదాకా ఆగమనండి. చెడ్డ ర్యామ్‌తో ఫైల్ సిస్టమ్‌ను సరిచేయబోతే, బాగున్న చోట కూడా తప్పు రాసే ప్రమాదం ఉంది.

ఆ జిప్ ఫైలు డిలీట్ చేశారా? చేయకపోతే అలాగే ఉంచండి. జిప్‌లో ప్రతి ఫైలుకూ ఒక సరిచూపు సంఖ్య ఉంటుంది. తెరిచేటప్పుడు లెక్క కుదరకపోతే ఫైలు పాడైందని చెబుతుంది. కానీ ఫైలు డిస్క్ మీద భేషుగ్గా ఉండి, దాన్ని చదివిన ర్యామ్‌లోనే తప్పు దొర్లినా అదే మాట వస్తుంది. వేరే కంప్యూటర్‌లో ఒకసారి తెరిచి చూడండి. తెరుచుకుంటే మీ ఫైలుకు ఏమీ కాలేదు, కంప్యూటర్‌దే తప్పు అని అక్కడే తేలిపోతుంది.

ఇక ఎవరి మాట నిజమన్నది. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం, బ్లూ స్క్రీన్ మీద ప్రతిసారీ వేరే పేరు వచ్చిందన్నది. అవి రాసిపెట్టుకున్నందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి, చాలామంది విసుగుతో బటన్ నొక్కేసి మర్చిపోతారు. ఏదైనా డ్రైవర్‌లో (ఒక్కో విడిభాగాన్ని విండోస్‌తో కలిపి నడిపే చిన్న ప్రోగ్రామ్‌లో) లోపముంటే సాధారణంగా అదే పేరు, అదే ఫైలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. డిస్క్ చెడుతుంటే కెర్నల్ డేటా ఇన్‌పేజ్ ఎర్రర్ లాంటిది వస్తుంటుంది. ప్రాసెసర్ దగ్గరో, కరెంటు సరఫరాలోనో తేడా ఉంటే తరచూ కనిపించేది వీహా అన్‌కరెక్టబుల్ ఎర్రర్. మీకు వచ్చిన మూడూ ఒకదానితో ఒకటి పొంతన లేనివి. ఏ ప్రోగ్రామ్ ఆ చెడ్డ గడి మీద కాలేస్తే ఆ ప్రోగ్రామ్ కూలుతుంది కాబట్టి పేరు ప్రతిసారీ మారుతుంది. ర్యామ్ మీద, లేదా ర్యామ్‌ను నడిపే సెట్టింగ్ మీద అనుమానం పెట్టుకోవడానికి ఇది గట్టి కారణమే. రుజువు మాత్రం కాదు.

ఫార్మాట్ చేశాక నాలుగు రోజులు బాగుండటం కూడా దీనికి సరిపోతుంది. అప్పుడే ఎక్కించిన విండోస్ తేలిగ్గా ఉంటుంది, మీ పెద్ద ఫైళ్లు ఇంకా తెరవలేదు, ర్యామ్ నిండా పని పడలేదు. పని పెరిగేకొద్దీ చెడిన చోటుకు చేరే అవకాశమూ పెరుగుతుంది. ఇంకా అన్యాయమేమిటంటే, లోపమున్న ర్యామ్‌తోనే విండోస్ ఎక్కించారు కాబట్టి ఆ కొత్త విండోస్ ఫైళ్లలోనే కొన్ని తప్పుగా పడి ఉండొచ్చు. హార్డ్‌వేర్ కారణం చూడకుండా ఫార్మాట్ కొట్టడం నాకెప్పుడూ నచ్చని పని. రోగి ఎవరో చూడకుండా ఇల్లు కడిగినట్టు ఉంటుంది.

మధ్యాహ్నం ఎక్కువవడానికీ కారణం ఉంది. ర్యామ్‌లోని ఒక్కో గడి ఒక సూక్ష్మమైన కెపాసిటర్. అందులో ఉన్న చార్జ్ నిలవదు, కారిపోతూ ఉంటుంది. అందుకే సాధారణంగా ప్రతి గడినీ 64 మిల్లీసెకన్లకు ఒకసారి చదివి మళ్లీ నింపుతారు. వేడి పెరిగితే కారడం ఎక్కువవుతుంది. 85 డిగ్రీలు దాటితే ఆ గడువును 32 మిల్లీసెకన్లకు తగ్గించాలని ప్రమాణాలే చెబుతాయి. 8 జీబీ అంటే ఇలాంటి గడులు దాదాపు 6,870 కోట్లు. వాటిలో బలహీనంగా ఉన్న ఏ ఒక్కటో గడువు లోపు చార్జ్ పోగొట్టుకుంటే 1 కాస్తా 0 అయిపోతుంది. పొద్దున నిలబడే గడి మధ్యాహ్నం వేడికి నిలబడలేకపోవచ్చు. క్యాబినెట్‌లో దుమ్ము పేరుకుని ఫ్యాన్లు మందగించి ఉంటే మరీను.

మీ అబ్బాయి చేసిన టెస్ట్ సంగతి. వాడు అబద్ధం చెప్పి ఉంటాడని నేననుకోను. విండోస్‌లో ఉండే మెమరీ టెస్ట్ మనం ఏమీ మార్చకపోతే మామూలు స్థాయి పరీక్షను రెండుసార్లు నడిపి ఆపేస్తుంది. పెద్ద లోపాన్ని పట్టుకుంటుంది కానీ, గంటల తరబడి వేడెక్కాక ఎప్పుడో ఒకసారి జారిపోయే గడిని పట్టుకోలేకపోవచ్చు. మెమరీ పరీక్షలన్నిటికీ ఈ గుణం ఉంది. ఒక్క తప్పు చూపించినా ఫెయిలైనట్టే, ఏమీ చూపించకపోతే మాత్రం పూర్తిగా బాగుందని చెప్పలేం.

ఇంతకన్నా పెద్ద సంగతి, బయాస్‌లో ఏదో మార్చాడన్నారు చూడండి. నా ఊహ అది ఎక్స్‌ఎంపీ, అంటే ర్యామ్‌ను మామూలు కన్నా ఎక్కువ వేగంతో నడిపే రెడీమేడ్ సెట్టింగుల ప్రొఫైల్ అయి ఉంటుంది. ర్యామ్ పెట్టె మీద రాసే పెద్ద వేగం చాలాసార్లు ఆ ప్రొఫైల్ ఆన్ చేస్తేనే వస్తుంది. డీడీఆర్4 రకానికి ప్రామాణిక వోల్టేజ్ 1.2. ఎక్స్‌ఎంపీతో తరచూ 1.35 దాకా వెళుతుంది. ఒకే జతగా అమ్మిన రెండు ర్యామ్ పలకలైతే (వీటినే స్టిక్‌లంటారు) దానికి తట్టుకుంటాయి. మీ పాత స్టిక్ ఐదేళ్ల కిందటిది, కొత్తగా పెట్టినది వేరే రకం. ఒకదాని ప్రొఫైల్‌ను రెండింటికీ వర్తింపజేస్తే, అంత వేగం రెండోదానికి మించిపోవచ్చు. అదే జరిగి ఉంటే మీ అబ్బాయి తెచ్చిన ర్యామ్ మంచిదే, మీ పాతదీ మంచిదే, మదర్‌బోర్డూ మంచిదే. సెట్టింగ్ ఒక్కటే తప్పు. ముగ్గురూ మూడు వైపులా లాగుతుంటే అసలు కారణం మధ్యలో కూర్చుని ఉండొచ్చన్నమాట.

ఇది కాకతాళీయం, ఏ కాస్మిక్ కిరణమో తగిలి ఉంటుంది అని కూడా మీకెవరో చెప్పారని రాశారు. అలాంటి తప్పులు ఉన్నమాట నిజమే. 1970ల చివర్లో ఇంటెల్ ఇంజనీర్లు చిప్ పైకప్పులోని పదార్థం నుంచి వెలువడే ఆల్ఫా కణాలు ర్యామ్‌లో బిట్లను తిప్పేస్తున్నాయని కనిపెట్టారు. కానీ గూగుల్ తన సర్వర్ల మీద జరిపించి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఏడాదిలో 8 శాతానికి పైగా ర్యామ్ స్టిక్‌లలో తప్పులు కనిపించాయి. వాటిలో ఎక్కువ భాగం గాలివాటంగా వచ్చిపోయేవి కావు, అదే చోట మళ్లీ మళ్లీ వచ్చే అసలు లోపాలని తేల్చారు. మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లో ఇళ్లల్లో వాడే దాదాపు పది లక్షల కంప్యూటర్ల లెక్కలు చూసి, హార్డ్‌వేర్ వల్ల ఒకసారి కూలిన కంప్యూటర్ మళ్లీ కూలే అవకాశం ఎన్నో రెట్లు ఎక్కువని చెప్పారు. వారంలో ఇన్నిసార్లు ఆగిపోతే దాన్ని ఆకాశం మీదికి నెట్టేయలేం.

ఇప్పుడు పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. షాక్ భయం గురించి ముందు. గోడ స్విచ్ ఆపి, క్యాబినెట్ వెనక ఉన్న పవర్ కేబుల్ పూర్తిగా పీకేసి, ఆన్ బటన్‌ను పది సెకన్లు నొక్కి పట్టుకోండి. లోపల మిగిలిన కరెంటు పోతుంది. ఆ తర్వాత ర్యామ్ ఉన్న చోట మీకు షాక్ కొట్టేదేమీ ఉండదు. ఎస్‌ఎంపీఎస్ అని, లోపలి భాగాలకు కరెంటు అందించే ఒక మూసిన లోహపు డబ్బా ఉంటుంది, దాన్ని మాత్రం ఏ పరిస్థితిలోనూ విప్పకండి. కేబుల్ తీసేశాక కూడా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన చార్జ్ ఉండిపోవచ్చు. మీ వల్ల ర్యామ్‌కు షాక్ తగలకుండా, ముట్టుకునే ముందు క్యాబినెట్‌లో రంగు లేని లోహభాగాన్ని ఒకసారి చేత్తో తాకండి. చిప్‌ల మీద వేళ్లు పెట్టకుండా అంచులు పట్టుకోండి.

ర్యామ్ తీసేటప్పుడు చివర్లలోని క్లిప్‌ను బయటికి నొక్కితే స్టిక్ పైకి లేస్తుంది. కొన్ని బోర్డుల్లో ఒకవైపే క్లిప్ ఉంటుంది, రెండోది లేదని కంగారుపడకండి. పెట్టేటప్పుడు అడుగున ఉన్న గాటు స్లాట్‌లోని గుబ్బకు సరిపోవాలి. తిరగేసి పెడితే దిగదు, అలాంటప్పుడు బలం చూపించకూడదు. సరిగ్గా పెట్టాక మాత్రం రెండు చివర్లూ బొటనవేళ్లతో గట్టిగానే నొక్కాలి, క్లిక్ అని శబ్దం వచ్చి క్లిప్ తనంతట తానే మూసుకోవాలి. చేత్తో క్లిప్ మూస్తే సరిపోదు. సగం దిగిన ర్యామ్ వల్ల కూడా మీకు వచ్చినట్టే బీప్‌లు వచ్చి మానిటర్ ఖాళీగా ఉండిపోతుంది. బీప్‌ల లెక్క ఒక్కో బయాస్‌కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి, మూడు బీప్‌లంటే ఇదే అని నేను చెప్పను. మీ మదర్‌బోర్డు పేరుతో దాని మాన్యువల్ చూడండి. బంగారు రంగు కాళ్లు మసకబారి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తని బట్టతో తుడవండి. పెన్సిల్ రబ్బర్‌తో రుద్దడం అందరికీ తెలిసిన చిట్కానే, పనిచేస్తుంది కూడా, కానీ గట్టిగా రుద్దితే పైపూత పోతుంది, రబ్బరు పొడి స్లాట్‌లో పడుతుంది. నోటితో మాత్రం ఊదకండి, తడి చేరుతుంది.

పరీక్షకు మెమ్‌టెస్ట్86ప్లస్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను వేరే కంప్యూటర్‌లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. ఇది విండోస్‌తో పని లేకుండా పెన్‌డ్రైవ్ నుంచే మొదలవుతుంది. పెన్‌డ్రైవ్‌లో ఉన్నవన్నీ చెరిగిపోతాయి, ఖాళీది తీసుకోండి. రాత్రి పెట్టి వదిలేస్తే పొద్దుటికి నాలుగైదు పాస్‌లు (మొత్తం పరీక్ష ఒక్కో విడత) అయిపోతాయి. ఎర్రర్ల దగ్గర సున్నా తప్ప ఇంకే అంకె ఉన్నా ఆ అమరిక పనికిరాదు.

మొదటి రాత్రి బయాస్‌లోకి వెళ్లి డిఫాల్ట్ సెట్టింగులు పెట్టి, పాత స్టిక్ ఒక్కటే ఉంచి నడపండి. రెండో రాత్రి దాన్ని తీసి, అదే స్లాట్‌లో అబ్బాయి తెచ్చినది ఒక్కటే. అదే స్లాట్ అన్నది ముఖ్యం, రెండు సంగతులు ఒకేసారి మారిస్తే ఏది కారణమో తెలియదు. మూడో రాత్రి రెండూ కలిపి, ఎక్స్‌ఎంపీ లేకుండా. నాలుగు స్లాట్లున్న బోర్డయితే సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది వాడమంటారు. అక్కడా మాన్యువల్ మాటే వినండి. ప్రతి పరీక్షకూ ఏ స్టిక్, ఏ స్లాట్, ఏ సెట్టింగ్, ఎన్ని ఎర్రర్లు అని ఒక కాగితం మీద రాసుకోండి.

కొత్తది ఒంటరిగా, డిఫాల్ట్ వేగంతో కూడా తప్పులు చూపిస్తే ఆ స్టిక్ చెడింది, తీసి పక్కన పెట్టేయండి. విడివిడిగా రెండూ నెగ్గి కలిపినప్పుడు మాత్రమే ఓడితే రెండింటికీ పొసగడం లేదు. రెండూ కలిపి డిఫాల్ట్‌లో నెగ్గితే, నేను పైన ఊహించినట్టు తప్పు ఎక్స్‌ఎంపీది అయ్యే అవకాశమే ఎక్కువ. ఒకే స్లాట్‌లో ఏది పెట్టినా ఓడి, వేరే స్లాట్‌లో రెండూ నెగ్గితే అప్పుడు మీ మెకానిక్ చెప్పినదాంట్లో నిజముంది, ఆ స్లాటో, దానికి వెళ్లే దారో పోయింది. ఏది ఎక్కడ పెట్టినా ఓడితే ర్యామ్‌ను వదిలేసి ఎస్‌ఎంపీఎస్ వైపు, మదర్‌బోర్డు వైపు, ప్రాసెసర్‌లో ఉండి ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ వైపు చూడాలి. దానికి మార్చి చూడటానికి అదనపు విడిభాగాలు కావాలి, ఇంట్లో కుదరదు.

తేలాక మీ ముందు ఉండే దారులు ఇవి. పాత 8 జీబీ ఒక్కదానితోనే నడుపుకోవచ్చు. నెమ్మదిగా ఉంటుంది, మీ విసుగు తిరిగొస్తుంది, కానీ లెక్కలు నమ్మొచ్చు. రెండూ డిఫాల్ట్ వేగంలో నెగ్గితే అలాగే ఉంచుకోవచ్చు. ఎక్సెల్ పనికి ఎక్స్‌ఎంపీ ఇచ్చే అదనపు వేగం మీకు తెలియను కూడా తెలియదు, జాగా పెరగడం మాత్రం బాగా తెలుస్తుంది. నేనైతే దీన్నే ముందు ప్రయత్నిస్తాను. అలా కుదరకపోతే ఒకే జతగా అమ్మే రెండు స్టిక్‌లు కొనడం మేలు, ఎందుకంటే వాటిని కంపెనీయే కలిపి పరీక్షిస్తుంది. పాతది మీకు అక్కర్లేకుండా మిగిలిపోతుంది, అది నష్టమే. చాలా కంపెనీలు ర్యామ్‌కు దీర్ఘకాల వారంటీ ఇస్తాయి. జతలో ఒకటి చెడినా సాధారణంగా రెండూ కలిపి పంపమంటాయి, అన్నాళ్లు కంప్యూటర్ ఖాళీగా ఉంటుంది. చెడిన చోటును మాత్రం వాడకుండా విండోస్‌కు చెప్పే ఉపాయం ఒకటుందని మీ అబ్బాయి ఎక్కడో చదివి చెప్పవచ్చు. నిజంగానే ఉంది. ఆటలాడుకునే కంప్యూటర్‌కైతే సరే, ఇతరుల డబ్బు లెక్కలు రాసే కంప్యూటర్‌లో నేను ఒప్పుకోను.

బోర్డు మార్చడమంటే ఐదేళ్ల ప్రాసెసర్‌కు సరిపోయే బోర్డు వెతకడం, అది పాతదో వాడినదో దొరకడం. అక్కడికొచ్చాక మీ భర్త మాటే నయం. కొత్తది కొంటే వేగం వస్తుంది, ప్రశాంతత వస్తుంది. కానీ రెండు సంగతులు గుర్తుంచుకోండి. కొత్త కంప్యూటర్లలో ఎక్కువగా డీడీఆర్5 ఉంటుంది. మీ పాత స్టిక్‌లు అందులో దిగవు, గాటు ఉన్న చోటే వేరు. రెండోది, ఈ నెలలో తప్పుగా సేవ్ అయిన ఫైలు కొత్త కంప్యూటర్‌లోకి కూడా తప్పుగానే వెళుతుంది.

అందుకని ఏ దారి పట్టినా, కొత్త ర్యామ్ పెట్టిన రోజు నుంచి ఇప్పటివరకు సేవ్ చేసిన లెక్కలు ఒకసారి సరిచూడాలి. భయపెట్టాలని కాదు. టెక్స్ట్‌గా దాచిన 1 అనే అంకెలో ఒకే ఒక్క బిట్ తిరిగితే అది 5 అవుతుంది. 1,000 కాస్తా 5,000. సేవ్ చేసే ముందే ర్యామ్‌లో అలా మారితే ఏ ప్రోగ్రామ్ కూడా అది తప్పని చెప్పలేదు. అలా జరిగే అవకాశం తక్కువ, చాలాసార్లు ఫైలు తెరుచుకోకపోవడమో కూలడమో ముందు జరుగుతుంది. అయినా బ్యాంకు స్టేట్‌మెంట్లతో, క్లయింట్లు పంపిన అసలు బిల్లులతో మొత్తాలు పోల్చుకుంటే మీకే నిద్ర పడుతుంది. ర్యామ్ సరయ్యాక విండోస్‌ను కూడా ఇంకోసారి కొత్తగా ఎక్కించండి. ఈసారి ఆ పనికి అర్థముంటుంది.

మీ అబ్బాయి విషయం చివరికి వదిలేశాను కానీ, పరీక్షకన్నా ముందే చేయాల్సింది అది. రెండు దారులున్నాయి. పరీక్ష ఫలితం వచ్చాక మాట్లాడదామనుకుంటే, ఆ ఫలితం తీర్పులా వాడి ముందు పడుతుంది. వాడిదే తప్పని తేలితే ఇంకా ముడుచుకుపోతాడు, కాదని తేలితే మీరు ఇరుకున పడతారు. అలా కాకుండా ముందే, చుట్టాల ముందు అలా అని ఉండాల్సింది కాదు అని చెప్పేస్తే, ర్యామ్ మంచిదా చెడ్డదా అన్నది మీ ఇద్దరి మధ్య గొడవగా మిగలదు. పైగా మీకు వాడి దగ్గర ఒక సమాచారం కావాలి: బయాస్‌లో సరిగ్గా ఏం మార్చాడు? నిలదీసి అడిగితే ఏం మార్చలేదనే అంటాడు, ఎవరైనా అంతే. నీకు గుర్తున్నంతవరకు చెప్పు, మనిద్దరం కలిసి చూద్దాం అంటే చెబుతాడు. పెన్‌డ్రైవ్ తయారు చేయడం కూడా వాడి చేతికే ఇవ్వొచ్చు. వాడు వద్దంటే బలవంతం చేయకండి, మీరే చేసుకోగలరు. ఉత్తరంలో స్క్రీన్ మీది పేర్లు పొల్లుపోకుండా రాసిన మీకు ఇది కష్టం కాదు.

మిగిలింది ఆ టప్పున ఆగిపోవడం. బ్లూ స్క్రీన్ లేకుండా అలా ఆగిపోతే నా అనుమానం ముందు ఎస్‌ఎంపీఎస్ మీదికి, లేదా ప్రాసెసర్ అతిగా వేడెక్కడం మీదికి పోతుంది. ర్యామ్ లోపంతో కూడా కంప్యూటర్ తనంతట తాను రీస్టార్ట్ కావచ్చు కాబట్టి, ఇప్పుడే రెండో రోగం అంటగట్టను. ఎలాగూ క్యాబినెట్ విప్పుతారు, ప్రాసెసర్ ఫ్యాన్ మీది దుమ్ము మెత్తని బ్రష్‌తో దులపండి, ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో ఆపి పట్టుకుని. ర్యామ్ పరీక్షల్లో అంతా శుభ్రంగా వచ్చి, రెండు వారాలు గడిచినా ఇంకా అలాగే ఆగిపోతుంటే, అప్పుడు మెకానిక్‌ను పిలిచి మీ కాగితం చేతికివ్వండి. వేరే ఎస్‌ఎంపీఎస్ తగిలించి చూడమనండి. దాన్ని చదవకుండానే మళ్లీ ఫార్మాట్ అంటే, ఇంకొకరిని చూసుకోండి.